హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు అసలు దూరం ఎంత, కూర్చోవలసిన గంటలు ఎన్ని?

మూసీ తీరం

సభ్యులందరికీ నమస్కారం. నేను సూర్యాపేట జిల్లాలో ముప్పై నాలుగేళ్లు తెలుగు ఉపాధ్యాయుడిగా పనిచేసి విరమణ పొందాను. మా అమ్మాయి డల్లాస్ దగ్గర ఉంటుంది. జనవరి నెలాఖరులో ఆమెకు పురుడు రావలసి ఉంది కాబట్టి నేనూ మా ఇంటావిడా ఆ నెల మొదట్లోనే బయలుదేరాలని అనుకుంటున్నాం. మేమిద్దరం ఇంతవరకు తిరుపతి వెళ్లే విమానం తప్ప మరొకటి ఎక్కలేదు. మా ఇంటావిడకు మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, అందువల్ల ఎన్ని గంటలు కూర్చోవలసి వస్తుందో ముందే తెలుసుకోవాలని వెతికాను.

ఒక చోట దూరం సుమారు 14,400 కిలోమీటర్లు, ప్రయాణ సమయం 16 గంటలు అని ఉంది. ట్రావెల్ ఏజెంటు ఇచ్చిన కాగితంలో దుబాయ్ మీదుగా 22 గంటల 45 నిమిషాలు అని ఉంది. అదే కాగితంలో రాత్రి 9.50కి శంషాబాద్‌లో బయలుదేరి మరునాడు ఉదయం 9.05కి డల్లాస్‌లో దిగుతామని ఉంది, ఆ రెండు సమయాల మధ్య చూస్తే పదకొండుంపావు గంటలే వస్తోంది. ఈ మూడు లెక్కల్లో దేన్ని నమ్మాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

అక్షాంశం

మాస్టారూ, నమస్కారం. నేను రాజమహేంద్రవరంలో గణితం బోధిస్తాను, కాబట్టి మొదటి లెక్క సంగతి నేను చెబుతాను.

శంషాబాద్ విమానాశ్రయం 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. డల్లాస్ విమానాశ్రయం 32.90 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 97.04 డిగ్రీల పడమటి రేఖాంశం మీద ఉంది. రేఖాంశాల తేడా 175.47 డిగ్రీలు, అంటే డల్లాస్ దాదాపుగా భూగోళానికి మనకు అవతలి పక్కన ఉన్నట్టు. గోళం మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారిని మహావృత్తం అంటారు. భూమి సగటు వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లుగా తీసుకొని లెక్కిస్తే ఆ మహావృత్తం వెంట కోణం 129.7 డిగ్రీలు, దూరం ఇంచుమించు 14,420 కిలోమీటర్లు వస్తుంది. భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకొని ఉండడం వల్ల పదీ ఇరవై కిలోమీటర్ల తేడా ఉండవచ్చు. మీరు చూసిన 14,400 అదే.

మీ ఇంట్లో గ్లోబు ఉంటే హైదరాబాద్ మీద దారం ఒక కొస పట్టుకొని రెండో కొసను డల్లాస్ దగ్గరికి బిగువుగా లాగి చూడండి. ఆ దారం అరేబియా వైపు పోదు, అట్లాంటిక్ వైపూ పోదు. తిన్నగా ఉత్తరానికి వెళ్లి దాదాపు ఢిల్లీ మీదుగా, హిమాలయాలు దాటి, మధ్య ఆసియాలోని బిష్కెక్, అల్మాటీ నగరాల నడుమ నుంచి సైబీరియాలోని ఓమ్స్క్ నగరం మీదుగా ఆర్కిటిక్ సముద్రంలోకి ప్రవేశించి, ఉత్తర ధ్రువానికి సుమారు 525 కిలోమీటర్ల దూరంలో మలుపు తిరిగినట్టు కనిపించి, కెనడా గుండా విన్నిపెగ్‌కు కాస్త తూర్పుగా దిగి డల్లాస్ చేరుతుంది. నిజానికి అక్కడ మలుపేమీ లేదు, అదంతా ఒకే తిన్నని దారి. గోడకు తగిలించే పటంలో ధ్రువ ప్రాంతాలను సాగదీసి చూపిస్తారు కాబట్టి మన కన్ను మోసపోతుంది. ఆ పటంలో గ్రీన్లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది, వాస్తవంలో ఆఫ్రికా దానికి పద్నాలుగు రెట్లు పెద్దది.

ఇక ఆ 16 గంటలు ఎలా వచ్చాయంటే, ఆ వెబ్‌సైటు 14,400ను గంటకు 900 కిలోమీటర్లతో భాగించింది, అంతే. అందులో గాలి లేదు, ఎక్కడం దిగడం లేదు, దేశాల సరిహద్దులు లేవు. ఆ దారిలో ఆ వేగంతో మిమ్మల్ని తీసుకువెళ్లే విమానమూ లేదు.

ఇర్వింగ్ నివాసి

మాస్టారూ, నేను డల్లాస్ విమానాశ్రయానికి పక్కనే ఉన్న ఇర్వింగ్‌లో పదకొండేళ్లుగా ఉంటున్నాను. మీ మూడో లెక్కకు సమాధానం చెబుతాను. టికెట్టు మీద బయలుదేరే సమయం బయలుదేరే ఊరి గడియారం ప్రకారం, చేరే సమయం చేరే ఊరి గడియారం ప్రకారం వేస్తారు. జనవరిలో డల్లాస్ గడియారం హైదరాబాద్ కంటే పదకొండున్నర గంటలు వెనుక ఉంటుంది. మీరు ఉదయం 9.05కి దిగినప్పుడు సూర్యాపేటలో రాత్రి 8.35 అవుతుంది. ముందు రోజు రాత్రి 9.50 నుంచి లెక్కిస్తే సరిగ్గా 22 గంటల 45 నిమిషాలు. కాబట్టి ఏజెంటు కాగితంలో తప్పు లేదు. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు ఇక్కడ గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, అప్పుడు తేడా పదిన్నర గంటలే అవుతుంది. మీరు వేసవి దాకా ఉండేటట్టయితే ఇంటికి ఫోను చేసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

దూరం విషయంలో అక్షాంశం గారు చెప్పినదానికి ఒక మాట చేరుస్తాను. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి సుమారు 2,550 కిలోమీటర్లు, దుబాయ్ నుంచి డల్లాస్‌కు సుమారు 12,930 కిలోమీటర్లు, కలిపితే 15,480. దోహా మీదుగా అయితే 15,670 దాకా వస్తుంది. లండన్ మీదుగా వెళితే చాలా చుట్టు అని మనవాళ్లందరూ అనుకుంటారు గాని, హైదరాబాద్ నుంచి లండన్ 7,750, అక్కడి నుంచి డల్లాస్ 7,630, మొత్తం 15,380 మాత్రమే. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానూ ఇంచుమించు అంతే. దుబాయ్ మనకు దగ్గర కాబట్టి అటు నుంచి వెళితే దూరం తగ్గుతుందన్నది పటం చూసి కలిగే భ్రమే. ఇంటర్నెట్‌లో కనిపించే ఏ అంకెనైనా అది నేరుగా కొలిచినదా, మధ్యలో ఆగే ఊరితో కలిపి కొలిచినదా అని మొదట అడగాలి.

రన్‌వే 09

నేను విమానాల ప్రయాణ ప్రణాళిక తయారుచేసే విభాగంలో పనిచేశాను. ప్రతి విమానానికీ బయలుదేరే కొన్ని గంటల ముందు ఆనాటి గాలులను, మూసివేసిన గగనతలాలను, బరువును చూసుకొని దారి గీస్తారు. నిన్నటి దారి ఈరోజు ఉండదు. అక్షాంశం గారు చెప్పిన దారం దారి చాలా అందంగా ఉంటుంది గాని దాని వెంట విమానం నడపడానికి అడ్డంకులు ఉన్నాయి.

మొదటిది హిమాలయాలు, వాటి వెనుక ఉన్న ఎత్తయిన పీఠభూములు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పడిపోతే ప్రయాణికుల తలల మీద నుంచి దిగే మాస్కుల్లో చాలా విమానాల్లో ఆక్సిజన్ సుమారు పదిహేను నిమిషాలకే సరిపోతుంది. ఆలోగా విమానం పదివేల అడుగుల ఎత్తుకు దిగాలి. కింద ఇరవై వేల అడుగుల కొండలు వందల కిలోమీటర్ల పొడవునా పరచుకొని ఉంటే ఎక్కడికి దిగుతారు? అందువల్ల ఆ ప్రాంతాన్ని చాలా సంస్థలు తప్పించి వెళతాయి, లేదా ముందే నిర్ణయించిన తప్పుకొనే దారులు ఉన్న చోటనే దాటుతాయి.

రెండవది గగనతలం. 2022 ఫిబ్రవరి తర్వాత అమెరికా, యూరప్ సంస్థల విమానాలకు రష్యా ఆకాశం మూసుకుపోయింది. గల్ఫ్ సంస్థలకు, మన దేశపు సంస్థలకు ఆ నిషేధం లేదు. 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ సంస్థలకు మూసివేసింది, దానివల్ల ఢిల్లీ నుంచి పడమటికి పోయే విమానాలకు చుట్టు పెరిగింది.

మూడవది ఆర్కిటిక్. అక్కడ బయట ఉష్ణోగ్రత మరీ పడిపోయిన రోజుల్లో రెక్కల్లోని ఇంధనం కూడా చల్లబడుతుంది. జెట్ ఏ-1 అనే ఇంధనం గడ్డకట్టే హద్దు మైనస్ 47 డిగ్రీలు, కాబట్టి ఆ హద్దుకు చేరువయితే పైలట్లు ఎత్తు తగ్గించడమో వేగం పెంచడమో చేయవలసి ఉంటుంది. భూమధ్యరేఖకు పైన నిలిచి ఉండే ఉపగ్రహాలు సుమారు 82 డిగ్రీల అక్షాంశం దాటితే అందవు. ఇంజనులో ఏదైనా తేడా వస్తే దిగడానికి ఊరు ఉండాలి. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళుతున్న ఎయిర్ ఇండియా విమానం ఇంజను సమస్యతో రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగవలసి వచ్చింది. రెండు వందల మందికి పైగా ప్రయాణికులు మరో విమానం వచ్చేదాకా అక్కడే ఉన్నారు. అలాంటి ఊళ్లను కూడా దృష్టిలో ఉంచుకొనే దారి గీస్తారు.

నిజామాబాద్ విద్యార్థి

పెద్దలు క్షమించాలి, నాకొక సందేహం ఉంది. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా, అలాంటప్పుడు హైదరాబాద్ నుంచి పడమటికి వెళ్లే విమానం కిందకు డల్లాసే ఎదురు రావాలి. అయినా అమెరికా వెళ్లడానికి ఎక్కువ సమయం, తిరిగి రావడానికి తక్కువ సమయం పడుతుందని మా అన్నయ్య అంటాడు. ఇది ఎలా సాధ్యం?

అక్షాంశం

అడగవలసిన ప్రశ్నే అడిగావు బాబూ. మన అక్షాంశంలో నేల గంటకు సుమారు 1,595 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు కదులుతోంది. అయితే నేలతో పాటు దాన్ని అంటిపెట్టుకున్న గాలి కూడా తిరుగుతోంది, రన్‌వే మీద నిలబడి ఉన్న విమానానికి కూడా ఆ వేగం ముందే ఉంది. రైలులో కూర్చొని చేతిలోని బంతిని పైకి ఎగరేస్తే అది వెనుక పెట్టెలో పడదు కదా, మళ్లీ నీ చేతిలోకే వస్తుంది. విమానం ఈదేది గాలిలో, ఆ గాలి భూమితో పాటే ఉంది.

మరి తేడా ఎందుకంటే, ఆ గాలి భూమితో సమానంగా కాక మధ్య అక్షాంశాల్లో భూమికంటే ముందుకు పరుగెత్తుతుంది. ఉష్ణమండలంలో వేడెక్కిన గాలి పైకి లేచి ధ్రువాల వైపు సాగేటప్పుడు భూభ్రమణం వల్ల తూర్పుకు మళ్లి, చలిగాలికీ వెచ్చని గాలికీ నడుమ ఉన్న సరిహద్దు మీద సన్నని వేగవంతమైన ప్రవాహంగా మారుతుంది. దీన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. శీతాకాలంలో వేడిమి తేడా ఎక్కువ కాబట్టి అది మరింత బలంగా ఉంటుంది. 1920లలో వాసాబురో ఓయిషి అనే జపాన్ శాస్త్రవేత్త బెలూన్లు ఎగరేసి ఈ గాలులను కొలిచి, ప్రపంచమంతా చదవాలన్న ఆశతో, అన్ని దేశాలవారికీ ఉమ్మడిగా ఉండాలని కల్పించిన ఎస్పరాంతో భాషలో నివేదిక ప్రచురించాడు. ఆ భాష చదివేవారు తక్కువ కాబట్టి ఆ పని చాలాకాలం మరుగున పడిపోయింది. ఆయన పడిన శ్రమను తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

రన్‌వే 09

దూరానికీ సమయానికీ ఉన్న సంబంధం ఎంత వదులుగా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. 2015 చివరలో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు నేరుగా విమానం మొదలుపెట్టినప్పుడు అది యూరప్, అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు వెళ్లేది. 2016 అక్టోబరులో దాన్ని తూర్పు వైపుకు తిప్పి పసిఫిక్ మీదుగా పంపారు. దూరం సుమారు 15,300 కిలోమీటర్లకు పెరిగింది, సమయం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది. పద్నాలుగు వందల కిలోమీటర్లు ఎక్కువ తిరిగినా ముందే చేరింది, ఎందుకంటే గాలి వెనుక నుంచి తోసింది.

ఎదురుగాలి ఎంత ఇబ్బంది పెడుతుందో ఆస్ట్రేలియా విమాన సంస్థ క్వాంటాస్ డల్లాస్‌లోనే అనుభవించింది. 2011లో సిడ్నీ నుంచి డల్లాస్‌కు 13,800 కిలోమీటర్లు బోయింగ్ 747తో నేరుగా వచ్చేవారు. తిరుగు ప్రయాణం ఎదురుగాలిలో కావడంతో సిడ్నీ దాకా వెళ్లలేక మధ్యలో బ్రిస్బేన్‌లో దిగి వెళ్లేవారు. 2014లో ఎయిర్‌బస్ ఏ380 విమానం వచ్చిన తర్వాతే రెండు వైపులా నేరుగా నడిచింది.

కొబ్బరాకు

బాబాయి గారూ, మాది అమలాపురం, ఇప్పుడు డల్లాస్ దగ్గరి ఫ్రిస్కోలో ఉంటున్నాను. నిరుడు మా అమ్మా నాన్నా వచ్చినప్పుడు జరిగినది చెబుతాను, మీకు పనికివస్తుంది. గల్ఫ్‌లోని ఒక విమానాశ్రయంలో వాళ్లకు గంటా పది నిమిషాల వ్యవధి మాత్రమే ఉండేటట్టు నేనే టికెట్టు తీసుకున్నాను, మొత్తం ప్రయాణ సమయం తక్కువ అని సంబరపడి. మొదటి విమానం నలభై నిమిషాలు ఆలస్యమైంది. మళ్లీ భద్రతా తనిఖీ, ఒక గేటు నుంచి ఇంకో గేటుకు రైలు, నాన్నగారికి చక్రాల కుర్చీ రావడానికి పట్టిన సమయం, ఇవన్నీ కలిసి డల్లాస్ విమానం వెళ్లిపోయింది. వాళ్లు అక్కడ ఇరవై రెండు గంటలు కూర్చున్నారు. భాష రాని చోట అమ్మ మందుల సంచీ కూడా చెక్-ఇన్ సామానులో ఉండిపోవడంతో నేను ఆ రాత్రంతా ఫోను పట్టుకొని ఏడ్చాను.

కాబట్టి మధ్యలో రెండు నుంచి నాలుగు గంటలు ఉండేటట్టు చూసుకోండి. రెండు ప్రయాణాలూ ఒకే టికెట్టు మీద ఉండాలి, అప్పుడే మొదటిది ఆలస్యమైతే రెండోదానికి ఏర్పాటు చేసే బాధ్యత సంస్థదవుతుంది. చక్రాల కుర్చీని టికెట్టు తీసుకునేటప్పుడే అడగండి. మందులు, చీటీ, ఒక జత బట్టలు చేతి సంచీలోనే పెట్టుకోండి.

మూసీ తీరం

మీ అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ముఖ్యంగా అమలాపురం అమ్మాయి మాట నా మనసులో నిలిచిపోయింది. రెండు విషయాలు అడగాలి. ఒకటి, నేరుగా వెళ్లే విమానం అసలు లేదా? రెండు, లండన్ దారి వంద కిలోమీటర్లు తక్కువైతే మా ఇంటావిడ మోకాళ్లకు అదే మంచిదా?

రన్‌వే 09

హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు నేరుగా విమానం లేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు బోయింగ్ 777-200ఎల్ఆర్ విమానంతో నేరుగా సర్వీసు మొదలుపెట్టింది, కొంతకాలం నడిచి అది ఆగిపోయింది. ఆ దూరం సుమారు 13,280 కిలోమీటర్లు. షికాగో నుంచి డల్లాస్ మరో 1,290, కలిపితే 14,570. దారం దారికి షికాగో అంత దగ్గర కాబట్టి నేరు దూరం కంటే నూటయాభై కిలోమీటర్లే ఎక్కువ. అది మళ్లీ వస్తే మన డల్లాస్ తల్లిదండ్రులకు ఎంతో మేలు జరుగుతుంది. ఆ 2021 జనవరిలోనే ఎయిర్ ఇండియా విమానాన్ని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో మహిళా పైలట్లే ఉత్తర ధ్రువం మీదుగా దాదాపు 14,000 కిలోమీటర్లు నడిపారు.

నేరు విమానం ఎందుకు కష్టమంటే, బోయింగ్ 777-300ఈఆర్ ట్యాంకులో 1,81,280 లీటర్ల ఇంధనం పడుతుంది, అయినా దాని పరిధి సుమారు 13,650 కిలోమీటర్లు. దుబాయ్ నుంచి డల్లాస్ అందులో ఇముడుతుంది, హైదరాబాద్ నుంచి డల్లాస్ ఇమడదు. ఎయిర్‌బస్ ఏ350 వంటి విమానాలు ఇంతకంటే దూరం పోగలవు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు 15,300 కిలోమీటర్లకు పైగా సుమారు 18 గంటల 40 నిమిషాల్లో వెళ్లేది అందులోని ప్రత్యేక రకమే. కాని దూరం పెరిగేకొద్దీ, చివరి గంటల్లో కాల్చవలసిన ఇంధనాన్ని మొదటి గంట నుంచీ మోయడానికే మరికొంత ఇంధనం ఖర్చవుతుంది, అందువల్ల సీట్లు ఖాళీగా వదిలి పోవలసి వస్తుంది. సంస్థలు వెనకాడేది అక్కడే.

ఇర్వింగ్ నివాసి

మాస్టారూ, మోకాళ్లకు కిలోమీటర్లు తెలియవు, ఒక్కసారిగా ఎన్ని గంటలు కూర్చున్నామన్నదే తెలుస్తుంది. దుబాయ్ దారిలో మొదట మూడున్నర, నాలుగు గంటలు, ఆపైన ఒకే విడతలో పదహారు గంటలు. లండన్ దారిలో ఇంచుమించు పదేసి గంటల రెండు విడతలు. నొప్పులున్నవారికి సమానంగా చీలిన ప్రయాణమే మేలని నా అభిప్రాయం. అయితే లండన్‌లో టెర్మినల్ మారవలసి వస్తే బస్సు ఎక్కాలి, వ్యవధి చూసుకోవాలి. దుబాయ్ దారిలో ఉన్న సుగుణం రాత్రి భోజనం చేసి ఎక్కి నిద్రపోవచ్చు, తెలుగు వినిపించే అవకాశమూ ఎక్కువ. ఏ దారి అయినా నడవ పక్క సీటు అడిగి, రెండు గంటలకొకసారి లేచి నడిపించండి.

మూసీ తీరం

మిత్రులారా, మేము డల్లాస్ చేరి పన్నెండు రోజులైంది. మాకు మనవరాలు పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం. మీరు చెప్పినవన్నీ ఆలోచించి, ఒకే టికెట్టు, దుబాయ్‌లో రెండున్నర గంటల వ్యవధి, చక్రాల కుర్చీ, నడవ పక్క సీట్లు చూసుకొని ఏజెంటు చెప్పిన దారిలోనే వచ్చాం. ఇంకొకరికి పనికివస్తుందని నేను నోటు పుస్తకంలో రాసుకున్న సమయాలు ఇక్కడ పెడుతున్నాను.

శంషాబాద్‌లో రాత్రి 10.11కి చక్రాలు నేలను వదిలాయి. దుబాయ్‌లో అక్కడి గడియారం ప్రకారం 12.20కి, అంటే మన 1.50కి నేలను తాకాయి. గాలిలో గడిచినది 3 గంటల 39 నిమిషాలు. దుబాయ్‌లో 3.04కి లేచి డల్లాస్‌లో ఉదయం 8.52కి దిగాం. రెండు ఊళ్లకూ తేడా పది గంటలు కాబట్టి గాలిలో 15 గంటల 48 నిమిషాలు. మొత్తం గాలిలో ఉన్నది 19 గంటల 27 నిమిషాలు. ఇర్వింగ్ నివాసి గారి 15,480 కిలోమీటర్లను దానితో భాగిస్తే గంటకు 800 కిలోమీటర్లు కూడా పూర్తిగా రాలేదు. కాబట్టి ఇకపై ఎవరైనా దూరాన్ని 900తో భాగించకుండా 800తో భాగించి, దానిపైన మధ్యలో ఆగే గంటలు కలుపుకోవాలని నా మనవి. మా ఇంటావిడ ఎనిమిది సార్లు లేచి నడిచింది. పాదాలు వాచాయి గాని మూడో రోజుకు తగ్గాయి.

ముందున్న తెరమీద విమానం ఐస్‌లాండ్‌కు ఉత్తరంగా సాగడం చూసి అక్షాంశం గారి దారం గుర్తుకు వచ్చింది. ఆయనను ఒక్క మాట అడగాలి. మేము సూర్యాపేట నుంచి శంషాబాద్ వస్తుండగా దారిలో పొద్దు గుంకింది. ఆ తర్వాత దుబాయ్‌లోనూ రాత్రే, రష్యా మీదా రాత్రే, గ్రీన్లాండ్ మీదా రాత్రే. డల్లాస్ ఇంకా గంట దూరం ఉందనగా ఎడమవైపు కిటికీలో ఎర్రగా సూర్యుడు కనిపించాడు. నోటు పుస్తకంలో లెక్క వేస్తే ఆ ఒక్క రాత్రి దాదాపు ఇరవై అయిదు గంటలు సాగింది. సూర్యుడు మా వెనుక నుంచి వస్తుంటే మేము పడమటికి పరుగెత్తినందువల్లనేనా, లేక జనవరిలో ఉత్తరాన పొద్దు ఆలస్యంగా పొడుస్తుంది కాబట్టా?

అక్షాంశం

మాస్టారూ, మనవరాలికి నా ఆశీస్సులు. రెండు కారణాలూ నిజమే. మీరు చూసిన ఐస్‌లాండ్‌కు ఉత్తరాన, అంటే 67 డిగ్రీల అక్షాంశం దగ్గర భూమి చుట్టుకొలత భూమధ్యరేఖ దగ్గరి చుట్టుకొలతలో నూటికి నలభై పాళ్లకు తక్కువే, కాబట్టి అక్కడ మీ విమానం సూర్యుడితో సమానంగా, కొంతసేపు అంతకంటే వేగంగా కూడా పడమటికి పోగలదు. దానికి తోడు జనవరిలో అక్కడ పగలు కొద్ది గంటలే. దక్షిణానికి తిరిగి కెనడా దాటిన తర్వాతే సూర్యుడు మిమ్మల్ని అందుకున్నాడు. వేసవిలో తిరిగి వచ్చేటప్పుడు అదే చోట పగలూ రాత్రీ ఎలా మారాయో సమయాలతో సహా రాసి పెట్టండి, దాన్ని మా విద్యార్థులకు లెక్కగా ఇస్తాను.